వికారాబాద్ స్టేడియంలో ఒక తెల్ల గీత

ఇది మహాసమరం కథ. తాండూరు సేన వికారాబాద్ మీద దండెత్తిన రోజు ధూళి ఆకాశాన్నంటింది... అని రాయాలనే కూర్చున్నాను. నిజానికి మేం పల్లెవెలుగు బస్సులో వెళ్లాం. సేనలో ఇద్దరికి దారిపొడవునా వాంతులు. ధూళి మాత్రం నిజమే, స్టేడియంలో గడ్డి లేదు.

పేరుకు ఫుట్‌బాల్ స్టేడియం. ఫుట్‌బాల్ దానికి తీరిక దొరికినప్పుడు చేసే పని. పొద్దున షుగరున్నవాళ్ల నడక, దీపావళికి పటాకుల దుకాణాలు, ఎన్నికలప్పుడు హెలికాప్టర్, మిగతా రోజుల్లో కానిస్టేబుల్ కొలువులకు ఉరికే పిల్లలు. ఊళ్లో అంత ఖాళీ జాగా మరొకటి లేదు. అందుకని ఎవరి పనికి తగ్గట్టు వాళ్లు సున్నంతో గీతలు గీసుకుంటారు. పాతవి ఎవరూ చెరపరు.

మాది అమ్మాయిల జట్టు, నేను గోల్‌కీపర్‌ని. కెప్టెన్ మా మేనత్త కూతురు, నాకు వదిన. ఆ రోజు గెలిచిన జట్టే రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. వచ్చే ఏడు వదినకు వయసు దాటిపోతుంది. బస్సు దిగగానే నా చెయ్యి పట్టుకుంది.

"నీ జోకులు జర బంద్ పెట్టు. బాల్ మీద నజర్ పెట్టు."

"బాల్ నన్ను దాటి పోవాల్నంటే టికెట్ తీస్కోవాలె వదినా."

ఆమె నవ్వలేదు.

నాన్న కూడా వచ్చాడు. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, ఇద్దరు దోస్తులను వెంటేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఫుట్‌బాల్ చూడటం ఆయనకు అదే మొదలు.

ఆట చివరికొచ్చినా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు వాళ్ల పిల్ల ఒకతి బంతితో ఒంటరిగా దూసుకొచ్చింది. గోల్‌కీపర్ గోలు ముందున్న గీత లోపలే బంతిని చేత్తో ముట్టాలి. ముందుకు ఉరికాను. కింద తెల్లగా మెరుస్తున్న గీత చూసుకుని, దాని లోపలే దూకి బంతిని పొట్టకు కరుచుకున్నాను.

విజిల్.

అది కానిస్టేబుళ్ల పరుగుకు కొత్తగా గీసిన గీత. మాది నడకవాళ్ల చెప్పుల కింద సగం చెరిగి, ఎక్కడో నా వెనకాల ఉంది.

మెట్ల మీద నాన్న ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు. "చూసిన్రా! మా బిడ్డ చేతిల పడ్డంక ఇగ ఏడికి పోతది!"

"కూసో కాకా, గది తప్పు!" అని ఎవరో అరిచారు. మెట్లన్నీ నవ్వాయి.

రిఫరీ ఎర్ర కార్డు చూపి నన్ను బయటికి పంపాడు. వెళ్లి నాన్న పక్కన కూలబడ్డాను.

"అప్పుడే డ్యూటీ అయిపోయిందా బిడ్డా?" అన్నాడు, మంచినీళ్ల సీసా ఇస్తూ.

జవాబు చెప్పేలోపే వాళ్లు ఫ్రీకిక్ కొట్టారు. గోల్. అదొక్కటే గోల్.

ఆట ముగిశాక వదిన గోలు దగ్గరే కూర్చుండిపోయింది. వెళ్లి పక్కన నిలబడ్డాను. చేతులకు ఇంకా గ్లవ్స్ ఉన్నాయి, ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"వదినా..."

"నవ్వియ్యకు. జర ఏడ్వనియ్యి."

నాకు ఆ క్షణాన ఒక్క జోకూ రాలేదని ఆమెకు తెలియదు. అంతలో టెంట్‌హౌస్ మనిషి భుజాన గుంజతో వచ్చి, "జర లేవుండ్రమ్మా, గీడ పాతాలె" అన్నాడు.

సాయంత్రం ఎవరిదో రిసెప్షన్. గ్రౌండు మూడింటి నుంచి వాళ్ల పేరు మీద బుక్కయి ఉంది.