ఆగినచోట అందుకున్న గొంతు

దయ్యాలను, తిరిగే ఆత్మలను నేను నమ్మను. చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తారని, ఆయన పిలిచేదాకా లేవరని వాక్యం చదువుకుంటూ పెరిగినదాన్ని. నేటికీ అదే నా విశ్వాసం. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మాది మోత్కూరు. ఎనభైల చివర నల్లగొండ హాస్టల్లో ఉండి చదువుకుంటూ, ఒక టీచరమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. అంతకుముందు నా పాటంతా మా చర్చి సంఘంలోనే. అక్కడ ఒకరు పాదం పాడి ఆగుతారు, సంఘమంతా అందుకుంటుంది. ఆ అలవాటు నన్ను వదల్లేదు. నేనొక్కదాన్నే కీర్తన పాడుతున్నా, పల్లవి కాగానే నోరు మూతపడేది.

"ఎవరి కోసం ఆగినవే? ఈడ నీ సంఘం లేదు" అని టీచరమ్మ నా తొడ మీద చరిచేది. వేదిక మీద గిట్ల ఆగితే మళ్ళీ పాడనియ్యనని చెప్పేసింది.

మొదటి కచేరీ టౌన్‌హాల్లో. మోహన రాగ కీర్తన. తోడు మృదంగం, శ్రుతిపెట్టె, అంతే. నా వెనక తెర, దాని వెనక గోడ.

పల్లవి పాడాను. ఆగిపోయాను.

అప్పుడు వెనక నుంచి ఒక మగ గొంతు పల్లవి అందుకుంది. మెల్లగా, తాళానికి కొంచెం ఆలస్యంగా. అది మా నాయిన గొంతు. ఆయన గుండెనొప్పితో పోయి అప్పటికి ఏడాది. బతికినన్నాళ్ళు సంఘమంతా పాట ముగించాక ఆయనొక్కడే వినబడేవాడు. "ఆమెన్ అందరికంటె ముందుగాల అంటవు, పాట మాత్రం ఎన్కబడి అందుకుంటవు, ఏం మనిషివయ్యా" అని అమ్మ ఎక్కిరించేది.

నాకు భయం వేయలేదు. ఉన్న భయం కూడా పోయింది. ఆయన చివరి అక్షరం వదిలేదాకా ఉండి, పాట ఎత్తుకున్నాను. మళ్ళీ ఎక్కడా ఆగలేదు.

దిగినాక మృదంగం ఆయన అడిగాడు: "వెనక పాడినాయన ఎవరమ్మా? ఆయన కోసం జర చెయ్యి ఆపుకోవాల్సి వచ్చింది."

టీచరమ్మ మాత్రం ఏ గొంతూ వినలేదంది. "నువ్వు అసలు ఆగనే లేదు గదనే" అని దగ్గరికి తీసుకుంది.

తెర ఎత్తి చూశాను. గోడే ఉంది.

మా పాస్టరుగారు జరిగింది విని, దేవదూత అయి ఉంటాడమ్మా అన్నారు. ఆయన మాట కాదనలేదు. ఇంటికి పోయి, ఆ గొంతు ఆలస్యంగా అందుకున్న సంగతీ, పాస్టరుగారి మాటా అమ్మకు చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"దేవదూతకు తాళం రాకుంట ఉంటదా బిడ్డా?"