మరక పెరగలేదు

మా పెద్దమ్మాయి పోయింది. మీలో చాలామందికి ఆమె లెక్కల టీచరమ్మగానే తెలుసు. మీ పిల్లలు మా అరుగు మీద ఆమె దగ్గర ట్యూషన్ చదివినవాళ్ళే. ఆ ఉదయం చెల్లెల్ని తోడు తీసుకుని, రక్తం శుద్ధి చేసే మిషన్ దగ్గరకు వెళ్ళింది. వచ్చాక తాగుతుందని నేను జావ చల్లారబెడుతున్నాను. చిన్నది ఫోన్ చేసి "అమ్మా, అక్క..." అని ఆగిపోయింది. మిగతా మాట నేను అడగలేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఆమె చెప్పిన లెక్కల్లో నాకు అర్థమైంది ఒక్కటే. అది నా ఒడిగుడ్డ మీద చెప్పింది కాబట్టి నేనే రాయాలనిపించింది.

మనది ఉద్దానం, కిడ్నీల జబ్బు లేని వీధి లేదు. నేను జీడిపిక్కలు కొట్టే పనికి వెళతాను. పిక్క తొక్కలోని నూనె అంటితే చేతి తోలు ఊడుతుంది, గుడ్డకు అంటితే మరి పోదు. ఒడిలో పరుచుకోవడానికి కొత్త తెల్లగుడ్డ కొంటే, మొదటిరోజే ఒక మూల అరచేయంత మరక పడింది. తిట్టుకుంటూ ఉతుకుతుంటే మా పెద్దది వచ్చి లాక్కుంది.

"ఇలా తే అమ్మా. పిల్లలకి పాఠం సెప్పాల."

"మరకతో ఏటి పాఠమే?"

అరుగు మీద పరిచింది. "ఈ గుడ్డంతా ఒక ఊరనుకోండి. మరకలో ఉన్నోళ్ళకి జబ్బు ఉన్నాది. మిగతావోళ్ళకి నేదు. పిక్క పడిన సోటే మనకి ఎదురైన మనిషి" అని నా చేతిలో పిక్క పెట్టి, కళ్ళు మూసుకుని విసరమంది. విసిరాను. తెల్లటి చోటే పడింది.

"కళ్ళు తెరిసినా నీ గురి అంతే మామ్మా!" అన్నాడొక పిల్లడు. అందరూ నవ్వారు.

అప్పుడు ఆమె గుడ్డను సగానికి పైగా మడిచేసింది. "ఇప్పుడు మనకొక సంగతి తెలిసింది. ఆ మనిషికి కాళ్ళు వాసాయట. వాపు నేనోళ్ళంతా మడతలోకి పోయారు. మరకలో కూడా కొంచెం పోయింది, సూడండి. జబ్బుండీ వాపు రానోళ్ళు ఉంటారు కదా. ఇక మిగిలిందే మన ఊరు. ఇందులో మరక ఎంత మేర ఉన్నాదో అదే లెక్క. ఇసురమ్మా."

ఈసారి పిక్క మరక మీద పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను గభాల్న పిక్క తీసేశాను. "ముందా గుడ్డ తీసెయ్యే" అన్నాను.

"వాన వస్తాదంటావా?" అని అడిగినా ఆమె తిన్నగా చెప్పేది కాదు. "ఏటి తెలిసాక అడుగుతన్నావు?" అనేది. మబ్బు చూశాక ఒక మాట, గాలి తిరిగాక ఇంకో మాట. "నీతో కన్నా గోడతో మాటాడ్డం నయమే" అని కసిరితే, "గోడకేటి తెలుసో ముందడుగు" అని నవ్వేది.

ఆ వానాకాలంలో బడి నుంచి వచ్చి చెప్పులు విప్పింది. పట్టీ గీత పాదం మీద అలాగే ఉండిపోయింది. బొటనవేలితో నొక్కి చూసుకుంది. పడిన గుంట పూడటానికి చాలాసేపు పట్టింది. "సానాదూరం నడిసానమ్మా" అంది. కాసేపటికి ఆ గుడ్డ తీసి, ఒక మడత పెట్టి దండెం మీద వేసింది. రక్తపరీక్ష అయ్యాక ఇంకో మడత. పెద్దాసుపత్రి డాక్టరు చూశాక మరొకటి. అప్పటికి దండెం మీద మరక తప్ప పెద్దగా ఏమీ కనబడలేదు.

"మరక పెరిగిపోతన్నాదే" అని ఏడ్చాను.

"పెరగలేదమ్మా. కొంచెం మడతల్లోకి పోయింది కూడాను. గుడ్డే అంతకన్నా సిన్నదయిపోయింది."

మంచాన పడ్డాక ఒకటే పోరు. "సెల్లికి పరీక్ష సేయించు."

"దానికేటే? రాయిలాగున్నాది."

"ఏటి తెలిసాక అంటన్నావు?"

 ఒకే కడుపున పుట్టారు, ఒకే నీళ్ళు తాగారు.

"నాకు జబ్బొచ్చిందంటే, దానికి నానే ఒక మడతనమ్మా" అంది.

"వొద్దే. తెలుసుకుని ఏటి సేస్తాం?"

"తెలుసుకుంటే మరక కొత్తగా పుట్టదు. ఉంటే ఇప్పటికే ఉన్నాది. మడత ఎటైనా పడొచ్చు. మరకంతా లోపలికి పోయి తెల్లదే మిగలొచ్చు కదే అమ్మా."

ఆమె అంత బతిమాలగా నేను ఎప్పుడూ వినలేదు.

కర్మ అయ్యాక నా చూపు చిన్నదాని పాదాల మీదే ఉంటోంది. నిన్న పని నుంచి వచ్చి చెప్పులు విప్పితే గీత కనబడింది. "కొత్త సెప్పులే అమ్మా, బిగువు" అంది. నేను నొక్కి చూడబోతే కాలు లాగేసుకుంది. పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి రక్తం ఇప్పించాను. రేపు చెబుతామన్నారు.

ఇంటికొచ్చి పెద్దదాని గుడ్డ మడతలన్నీ విప్పి దండెం మీద ఆరేశాను. ఇంత వెడల్పని మరిచేపోయాను. తోట వైపు నుంచి గాలి వస్తోంది. ఆ మూల లేచి వెనక్కి మడత పడుతుంది, అంతా తెల్లగా ఉంటుంది. మళ్ళీ విడిపోతుంది, మరక కనబడుతుంది. చిన్నది గుమ్మంలో కూర్చుని, చెప్పు పట్టీ వదులు చేసుకుంటోంది.