బెంచీకొక అభిప్రాయం

మొన్న మా అక్క బిడ్డ ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. షాద్‌నగర్‌లో నేను పనిచేసే కంపెనీకి దగ్గర్లో కిరాయికి ఉంటున్నాను. అక్క బిడ్డ నా దగ్గరే ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది.

"చిన్నమ్మా, గీ కథ మీద ఒపీనియన్ రాయాల్నంట. మేడం వాట్సాప్ గ్రూపుల శాంపిల్ పెట్టింది. గదే రాయాల్నా, నాకు అనిపించింది రాయాల్నా?" అని అడిగింది.

"శాంపిలే రాయి" అన్నాను.

"నాకు కథ నచ్చలే గదా."

"నచ్చిందని రాయి. రాసి పండుకో పో" అని కసిరాను.

పిల్ల బిక్కమొహం వేసుకొని లేచిపోయింది. నాకు అంత కోపం ఎందుకొచ్చిందో దానికి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు తెలంగాణ కొత్తగా వచ్చింది. మాది కట్టంగూర్ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. మా హైస్కూల్లో ఇంగ్లీషు మీడియం సెక్షన్ ఉండేది. అందులో నన్ను చేర్చడానికి మా అమ్మ పెద్దసారు ముందు ఎన్నిసార్లు చేతులు కట్టుకొని నిలబడిందో నాకు తెలుసు. రాష్ట్రం కొత్తది, పుస్తకాల అట్టలు కొత్తవి. లోపలి పాఠాల్లో మాత్రం మాలాంటి వాళ్లు ఎప్పుడైనా కనిపిస్తే, ఎవరికో ఒకరికి దండం పెడుతూ కనిపించేవాళ్లు.

ఎఫ్.ఏ. అని ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో ఒక భాగం ఉండేది. ఒక కథ చదివి, దాని మీద నీకేమనిపించిందో ఇంగ్లీషులో రాయాలి. దానికి కొన్ని మార్కులు. తర్వాత పక్క మండలం సార్లు మోడరేషన్ టీం అని వచ్చి, మేం రాసినవన్నీ తిరగేసి, మార్కులు సరిగ్గా పడ్డాయా లేదా చూసేవాళ్లు. క్లాసంతా ఒక్కటే రాస్తే కాపీ కొట్టించావని మా ఇంగ్లీషు సారును అందరి ముందర కడిగేవాళ్లు. అందుకని సారు ఒక ఉపాయం కనిపెట్టాడు. బోర్డు మీద మూడు అభిప్రాయాలు రాసేవాడు. ముందు బెంచీలకు "ఐ లైక్ దిస్ స్టోరీ వెరీ మచ్". మధ్య బెంచీలకు "దిస్ స్టోరీ ఈజ్ వెరీ నైస్". వెనక బెంచీలకు "ఐ ఎంజాయ్డ్ దిస్ స్టోరీ". కింద నీతి మాత్రం అందరికీ ఒక్కటే. నాది మధ్య బెంచీ కాబట్టి ఆ ఏడంతా ప్రతి కథా నాకు వెరీ నైస్‌గానే ఉంది. బోర్డు సరిగ్గా కనబడక వెనక నుంచి ముందుకు మారిన పిల్ల అభిప్రాయం కూడా బెంచీతో పాటే మారిపోయింది.

అసలు అభిప్రాయాలు మధ్యాహ్న భోజనం దగ్గర వినిపించేవి. పళ్లాలు పట్టుకొని వరసలో నిలబడి పాఠాలను చెడామడా తిట్టేవాళ్లం. ఒక పాఠంలో పిల్లలు గుడారాలేసుకొని అడవిలో పడుకుంటారు. "ఇల్లు వాకిలి పెట్టుకొని బయట పండుడేంది? వాళ్ల ఇంట్ల పాములొచ్చినయా?" అన్నాడొకడు. వాన మీద పద్యం చదివితే, "వానొస్తె సంబురమంట. పత్తి తడిసిననాడు మా బాపు మొఖం సూస్తె తెలుస్తది గా రాసినాయనకు సంబురం" అంది ఇంకొక పిల్ల. వరసంతా పడీపడీ నవ్వింది. అంత బాగా పుస్తకాల గురించి మాట్లాడిన మనుషులను నేను మళ్లీ చూడలేదు. గంట కొట్టగానే లోపలికొచ్చి, ఎవరి బెంచీ మాట వాళ్లు రాసుకునేవాళ్లం.

ఆ ఏడు దసరా దాటినా బడి యూనిఫాం రాలేదు. నేను వేసుకొనిపోయే బట్టలు దొరసాని వాళ్లింటివి. ఊళ్లో దొరలు పోయి చాలా ఏండ్లైంది. ఆమె మొగుడు మామూలు పెద్ద రైతు. దొరసాని అన్న పిలుపు మాత్రం మా వాడలో మిగిలిపోయింది. అమ్మ వాళ్ల వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, చేలో పత్తి ఏరేది. అమ్మకు చాయ్ పోసే గ్లాసు పశువుల కొట్టంలో గూట్లో ఉండేది. వాళ్ల పెద్ద బిడ్డ హైదరాబాదుకు చదువుకు పోతే ఆమె బట్టలు నాకొచ్చాయి. చిన్న బిడ్డ నల్లగొండలో ప్రైవేటు బడిలో ఉండలేక ఏడ్చి ఇంటికొచ్చి మా క్లాసులోనే చేరింది. చెడ్డపిల్ల కాదు. ఒకరోజు నా చంక కింద కుట్టు మీద వేలు పెట్టి, "ఇది మా అక్క కంచెకు తట్టుకొని చింపుకున్నది. ఇంక ఊడలేదా?" అని అందరి ముందర అడిగింది. ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆ రోజు నుంచి నేను ఆ చెయ్యి పైకెత్తలేదు. సారు ప్రశ్న వేస్తే, జవాబు తెలిసినా ఎత్తలేదు.

అప్పుడొచ్చింది ఆ కథ. ఒక పనిమనిషి కూతురికి ఇంటి యజమానురాలు తన బిడ్డ పాత గౌను ఇస్తుంది. ఆ పిల్ల దాన్ని తొడుక్కొని బడికి పోతుంది. యజమానురాలి బిడ్డ గుర్తుపట్టి ఇది నాదే అంటుంది. పనిమనిషి కూతురు సంతోషంతో కన్నీళ్లు పెట్టుకొని థ్యాంక్స్ చెబుతుంది. నీతి కృతజ్ఞత. భోజనం దగ్గర దీని గురించి ఎవరూ జోకులు వేయలేదు. నేను వరసలో ఉన్నానని కావచ్చు.

ఆసారి సారు బోర్డు మీద ఏమీ రాయలేదు. "ఈ టీం గట్టిదట. ఎవ్వరిది వాళ్లు సొంతంగ రాయుండ్రి" అని చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. నా ఖర్మ కాలి నేను ఆయన మాట నమ్మాను. మాటలు అటూ ఇటూ మార్చి రాయమని ఆయన ఉద్దేశం. క్లాసంతా అట్లాగే రాసింది, మాటలు మారాయి, మెచ్చుకోలు మారలేదు. నేను ఒక్కదాన్ని నాకనిపించింది రాశాను. వచ్చీరాని ఇంగ్లీషులో నేను రాసింది ఇది. ఈ కథ అబద్ధం. పాత గౌను తొడుక్కున్న పిల్లకు సంతోషం ఉండదు. నేను కూడా వేరేవాళ్ల బట్టలు తొడుక్కుంటాను. ఆ అమ్మాయి ఎదురైతే తల వంచుకుంటాను. ఈ కథ రాసినవాళ్లు గౌను ఇచ్చినవాళ్లు, తొడుక్కున్నవాళ్లు కాదు.

మర్నాడు సారు నా కాగితం తీసి క్లాసులో పెద్దగా చదివాడు. కోపంతో కాదు, తప్పులు చూపించడానికి. ఒక్కో వాక్యం చదివి, ఎక్కడ ఏ మాట పడాలో చెప్పి, ఎర్రగీత పెట్టాడు. నా సిగ్గుకు కూడా వ్యాకరణం సరిచేశాడు. అంతా అయ్యాక, "గిది టీం చూస్తే నన్ను అడుగుతరు" అని కాగితం చింపేసి, బోర్డు మీద ఎప్పటిలాగే మూడు అభిప్రాయాలు రాశాడు. నేను మధ్య బెంచీది ఎక్కించుకున్నాను. తర్వాత టీం వచ్చి దానికి మార్కులన్నీ సరే అన్నది.

నేను ఎవరి పేరూ రాయలేదు. కానీ ఆ క్లాసులో నా బట్టలు ఎవరివో తెలియనిది ఎవరికి? చిన్న బిడ్డ ఇంటికి పోయి చెప్పింది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ. ఆ సాయంత్రమే దొరసాని అమ్మను వాకిట్లో ఆపి, "నీ బిడ్డకు మా బట్టలు సిగ్గైతున్నయంట గదనే. తిన్నింటి వాసాలు లెక్కపెడ్తాందా? రేపటి సంది నువ్వు రాకు" అన్నది.

పత్తి కాలంలో పనికి కరువా అనుకోవద్దు. మా వాడ చుట్టూ చేన్లన్నీ వాళ్ల పాలోళ్లవే, దాయాదులవే. ఒక ఇంట్లో వద్దన్న మనిషిని ఇంకో ఇంట్లో పిలవరు. ఊళ్లో పని లేకపోతే హాలియా దిక్కు కాలువ కింద నాట్లకు పోవాలి. పోతే నన్నూ తీసుకొనే పోవాలి, అక్కకు అప్పటికే పెండ్లైపోయింది, నన్ను ఇంట్లో ఒంటరిగా వదలదు. అంటే నా బడి అక్కడితో సరి.

అమ్మ కొట్టలేదు. కొడితే బాగుండేది. "ఏం రాసినవ్?" అని అడిగింది. తెలుగులో చెప్పాను. ఆఖరు దాకా విన్నది.

"రేపు పొద్దుగాల నాతోటి రా" అంది అంతే.

పొద్దున్నే దొరసాని ఇంటికి పోయాం. నా మీద ఆ డ్రెస్సే ఉంది, వేరే మంచిది లేదు. దొరసాని అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయ తుంచుతోంది. చిన్న బిడ్డ గడపలో నిలబడింది. మేం వాకిట్లో నిలబడ్డాం.

"తప్పైందని చెప్పు" అంది అమ్మ.

"తప్పైందమ్మా" అన్నాను.

"ఇంగ్లీషుల రాసినవ్ గదా. ఇంగ్లీషులనే చెప్పు. మా బిడ్డ ఇంటది" అంది దొరసాని.

నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంత? బోర్డు మీది మధ్య బెంచీ అభిప్రాయం అప్పజెప్పాను. దిస్ స్టోరీ ఈజ్ వెరీ నైస్. ద గర్ల్ ఈజ్ వెరీ హ్యాపీ. వీ షుడ్ బీ గ్రేట్‌ఫుల్. అమ్మ నా నోటి దిక్కే చూస్తోంది, ఎక్కడైనా ఆగిపోతానేమోనని. దొరసాని తన బిడ్డ దిక్కు చూసింది. ఆ పిల్ల తల ఊపింది. క్లాసులో ముందు బెంచీలో కూర్చునే పిల్ల, అది బోర్డు మీది మాటని ఆమెకు తెలుసు. అయినా ఏమీ అనలేదు. ఆమెను ఎన్ని తిట్టుకున్నా ఆ ఒక్కటి మాత్రం మరిచిపోలేదు.

"మంచిగనే మాట్లాడ్తాంది ఇంగ్లీషు" అంది దొరసాని. మనసు కరిగింది. లోపలికి పోయి పెద్ద బిడ్డది ఇంకో డ్రెస్సు తెచ్చి పైనుంచి వదిలింది. అమ్మ కొంగు పట్టి అందుకుంది. దొరసాని అమ్మను మామూలుగా చేన్లకు రమ్మన్నది.

వాకిలి దాటి మూలమలుపు దాకా నడిచాం. నాకు అమ్మ మీద పీకలదాకా కోపం. అప్పుడు అడిగింది.

"ఇంగ్లీషుల ఏమన్నవ్ బిడ్డా?"

"వాళ్ల బట్టలు తొడుక్కుంటే మస్తు సంతోషమని అన్న."

అమ్మ నడుస్తూనే ఉంది.

"గా మాట నేను పెండ్లై వచ్చిన సంది తెలుగుల అంటున్న" అంది. కొంగులోంచి డ్రెస్సు తీసి నా చేతిలో పెట్టి, పత్తి చేను దిక్కు మళ్లింది.