ఎర్రిటుక అంటే నాలుగు

మా మేడ మీద వాటాలో అద్దెకుండే టీచరమ్మని వీధంతా ‘ఇటుకల టీచరు’ అనేది. పిల్లలు ఆడుకునే, పైన బొడిపెలుండే ప్లాస్టిక్ ఇటుకలతో, ఆ బొడిపెలు లెక్కపెట్టిస్తూ లెక్కలు చెప్పేది మరి. నేను చదివింది ఐదో తరగతే అయినా, కిటికీ పక్కన నిలబడి వినడంలో నన్ను మించినవాళ్లు లేరు. సాయంత్రాలు మా మనవరాలిని మేడ మీదికి పంపి, వెనకాలే బట్టలు ఆరేసే వంకన నేనూ వెళ్లేదాన్ని.

“ఎర్రిటుక అంటే మనకి తెలియని సంఖ్య. దాని పేరు ఎక్స్. పసుపు బొడిపెలు మూడు కలిపితే మొత్తం ఏడు. ఎర్రిటుక ఎంత?”

“నాలుగు!” కప్పెగిరేలా అరిచేవారు పిల్లలు.

మా మనవరాలి బడిలోనూ టీచరమ్మది ఇదే పాఠం. ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది చివరి పరీక్షలో పిల్లలు గట్టెక్కితేనే ఉంచుకుంటామని పెద్ద టీచరు ముందే తేల్చి చెప్పింది. ఆ జీతం మీదే ఈమె, మంచం పట్టిన వాళ్లమ్మ బతకాలి.

పరీక్ష రాసొచ్చిన మనవరాలిని గుమ్మంలోనే పట్టుకున్నాను.

“ఎలా రాశావే?”

“తేలికే అమ్మమ్మా. ఎక్స్ ఎంతని అడిగిన ప్రతిచోటా నాలుగని రాశాను. అందరం అదే రాశాం.”

“ప్రతిచోటా నాలుగేనా?”

“ఎర్రిటుకకి నాలుగు బొడిపెలే కదా! ఒకచోట ఎక్స్‌కి ఐదు కలిపితే పదకొండట. ప్రశ్న తప్పుగా అచ్చేశారు పాపం.”

మెట్లు దిగుతున్న టీచరమ్మ అక్కడే ఆగిపోయింది. తర్వాత చూస్తే, ఆమె ఇటుకల పెట్టెలో ఎర్రిటుకలన్నీ నాలుగు బొడిపెలవే.

“కనిపించేదాన్ని చేతికిచ్చి, తెలియనిదని చెప్పానండీ పిన్నిగారూ,” అంది. బొడిపెల మీద బొటనవేలు రుద్దుతూ కూర్చుంది.

“పైకి కనబడకుండా దేంట్లోనైనా పెట్టి చెప్పు అమ్మాయ్,” అన్నాను.

మరుసటి రోజు మనవరాలి పాత సాక్సులో ఇటుకలు వేసి, ముడేసి చెప్పింది. ఎక్స్ ఒకసారి రెండు వచ్చింది, ఒకసారి ఆరు. పిల్లది నోరు తెరుచుకుని చూసింది. అర్థమైంది. కానీ అప్పటికి పేపర్లు దిద్దేశారు. బడివాళ్లు ఈమెని ఇక రావద్దన్నారు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు ముసురు. తల్లిని ఆటోలో పడుకోబెట్టి, టీచరమ్మ ముడేసిన సాక్సు ఒకటి మనవరాలి చేతిలో పెట్టింది. ఏదో చెప్పబోయింది. ఆటోవాడు హారన్ కొట్టాడు.

“అందులో ఎన్నున్నాయే?” నాకు ప్రాణం ఆగదు కదా.

“విప్పితే లెక్క కాదు అమ్మమ్మా. పక్కన ఎన్ని కలిపారో, మొత్తం ఎంతో చెప్పాలి.”

“అయితే చెప్పు మరి.”

“టీచరు చెప్పలేదు.”

సాక్సుని వేళ్లతో తడిమి చూశాను. బొడిపెలు తగులుతున్నాయి గానీ, ఎన్నో తెలియడం లేదు.