పాచి పని

1988 వానాకాలం. అప్పట్లో బిలాస్‌పూర్‌లో ఒక కాలేజీలో బోటనీ చెబుతూ, ఆ చుట్టుపక్కల దొరికే బ్రయోఫైట్స్ మీద థీసిస్ రాస్తున్నాను. బ్రయోఫైట్స్ అంటే తడి గోడల మీద, నేల మీద పచ్చగా పరుచుకునే చిన్న మొక్కలు. వీటిలో మాస్, లివర్‌వర్ట్, హార్న్‌వర్ట్ అని మూడు తెగలు. రతన్‌పూర్ పాత గోడల నుంచి చకర్‌భాటా పొలంగట్ల దాకా ఆదివారాలన్నీ మోకాళ్ల మీదే గడిచాయి. మొదటి రెండూ కవర్లకొద్దీ దొరికాయి. హార్న్‌వర్ట్ మాత్రం ఎక్కడా కనబడలేదు.

చివరికి అది మా రైల్వే క్వార్టర్ల దగ్గరే దొరికింది. లోకో షెడ్ పక్కన ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం ఏళ్ల తరబడి కారుతుండేది. దాని వెనక గోడ మొదట్లో, అరచేతంత మేర, పచ్చటి రేకుల మీద సన్నటి కొమ్ములు లేచాయి. ఏ జాతో తేలాలంటే లోపలి స్పోర్స్, అంటే విత్తనాల పని చేసే పొడి, పండాలి. కొమ్ము కొస నల్లబడి చీలేదాకా ఆగాలని ఒక్కటి కూడా తుంచలేదు.

అక్కడ షెడ్‌లో చిల్లర పనులు చేసే ఖలాసీ అప్పన్న బాబాయి. మా నాన్నతో పాటు విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరినవాడు, నన్ను ఎత్తుకు తిప్పినవాడు. శనివారం ఆయనతో, "బాబాయ్, సోమవారం వస్తాను. ఆ గోడ దగ్గర పాచి పనుంది నాకు" అన్నాను.

"అచ్ఛా, నాను సూసుకుంతాలే" అన్నాడు.

సోమవారం వెళ్లేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. కింద మట్టంతా పారతో చెక్కి సున్నం పోశాడు.

"కాలేజీలో పాటాలు సెప్పే పిల్లవి. నానుండగా నీకు పాచి పనేటమ్మా? నానే సేసీసినాను" అన్నాడు సంబరంగా.

నేను నాచు అనుకుని పాచి అన్నాను. ఆయన ఊడ్చి కడిగే పాచిపని అనుకున్నాడు.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నా థీసిస్ నాశనం చేశావు!" అని షెడ్ వాళ్లందరి ముందూ అరిచాను.

"ఏటి సేసినానమ్మా?" అంటూ సున్నం చేతులతో అలాగే నిలబడ్డాడు. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ తలపుకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అది నా చదువుకి కావలసిన మొక్క అని తర్వాత మా అమ్మ ఆయనకి చెప్పిందట. ఆ వానలు వెళ్లేదాకా దొరికిన పచ్చనిదల్లా తడి కాగితంలో చుట్టి మా గుమ్మంలోకి తెచ్చేవాడు. "ఇదేనా అమ్మా?" అనేవాడు. "కాదు బాబాయ్" అనేదాన్ని, ముఖమైనా చూడకుండా. మరుసటి ఏడు ఆయన పోయాడు. గొట్టం కారడం కూడా ఆగిపోయింది. థీసిస్‌లో ఆ హార్న్‌వర్ట్ పక్కన "జాతి తెలియదు" అని రాశాను.

ఆ శనివారమే ఆయన్ని గోడ దగ్గర కూర్చోబెట్టి, లెన్స్‌లో ఆ కొమ్ములు చూపించాల్సింది. రెండు నిమిషాల పని. ఇప్పుడు ఎవరి గోడ దగ్గరికి వెళ్లినా ముందు లెన్స్ వాళ్ల చేతికే ఇస్తాను.

ఆయన తెచ్చిన పొట్లాల్లో ఒకటి, మామూలు మాస్, ఇంకా నా దగ్గరుంది. లేబుల్ మీద సేకరించినవారి పేరు దగ్గర "అప్పన్న" అని రాశాను. ఆయన బతికుండగా ఆ చోటు ఖాళీగానే ఉంచాను.