బొట్టు పెట్టిన కత్తి

కిందటేటికే మా అత్తకి ముందుపళ్లు నాలుగే మిగిలాయి. ఎండుచేప నమలలేక నామీద విసుక్కునేది గానీ, వల అల్లేటప్పుడు నైలాన్ దారాన్ని మాత్రం ఆ పళ్లతోనే పుటుక్కున కొరికేసేది.

నేను రాజమండ్రిలో, గోదావరి మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టి, అంతర్వేది దగ్గర సముద్రపొడ్డుకి కోడలిగా వచ్చాను. మా అత్తగారింట్లో కొత్త వల ఆడపిల్లతో సమానం. పసుపు కుంకుమ పెట్టి దాన్ని మొదటిసారి నీళ్లలో దింపే రోజున ఒడ్డుకి కత్తి తేకూడదు. ఇదేం చాదస్తమని నాకు ఒళ్లు మండేది. అత్త ముందు నోరెత్తే ధైర్యం ఎవరికుంది?

కిందటేడు వేట నిషేధం రోజులన్నీ కూర్చుని ఆవిడ అల్లిన కొత్త వలకి పూజ చేసి, పడవలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేశారు. అందరం ఒడ్డు నుంచి లాగుతున్నాం. వల నడుములోతు నీళ్లలోకి వచ్చేసరికి అందులో ఓ డాల్ఫిన్ పిల్ల కనిపించింది. తోకంతా దారాలు చుట్టుకుపోయాయి. అదీ మనలాగే గాలి పీల్చే ప్రాణి, పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. వల అవతల తల్లి అటూ ఇటూ తిరుగుతోంది.

"కత్తేది?" అన్నాడు మా ఆయన. ఎవరి దగ్గరా లేదు. ఇల్లేమో సరుగుడు తోటల అవతల ఉంది.

అత్త చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగింది. "దాని తల పైకెత్తి పట్టుకోరా," అని కొడుక్కి చెప్పి, తను వేసిన ముడుల్ని తనే కొరకడం మొదలుపెట్టింది. నేనూ పక్కన చేరాను.

"అక్కడ కాదే, ముడి పక్కన కొరుకు," అని అప్పుడు కూడా నన్ను కసిరింది.

చివరికి తోక వదులైంది. పిల్ల బుస్సున ఊపిరి వదిలి, మా మధ్య నుంచి జారి తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం దారప్పోగులతో పాటు ఓ పన్ను కూడా ఉమ్మేసి, వలకి పడిన కంత వైపు చూస్తూ నిలబడింది.

ఈ ఏడు మళ్లీ ఇంటి ముందు కొత్త వలకి పూజ చేస్తున్నాం. కొబ్బరికాయ కొట్టబోతుంటే అత్త ఆగమంది. లోపలికెళ్లి చేపలు కోసే కత్తి తెచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి నా చేతికిచ్చింది.

"మరి ఆచారమో, అత్తా?" అన్నాను, ఆటపట్టిస్తూ.

"ఈసారి కొరకడానికి నాకు పళ్లేవే?" అంది.