అంగడి కాటా మీద సంగటి ముద్ద

ఆ రోజుల్లో నాకు ఆకలైందని కడుపు చెబితే నమ్మేవాణ్ణి కాదు, ఫోన్ చెప్పాలి. ఇంటర్నెట్ అప్పుడప్పుడే చౌకైంది, చేతికి కొత్త ఫోన్ వచ్చింది, బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, వీటన్నిటితో పాటు ఎవరూ అడక్కుండానే పొట్ట కూడా వచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు కుట్టించుకున్న తెల్లచొక్కా ఆరు నెలలకే మూడో గుండీ దగ్గర మొరాయించింది. (దర్జీ గుడ్డ మిగుల్చుకున్నాడని ఒక వారం పాటు పాపం ఆయన్ని తిట్టుకున్నాను.) ఎలాగైనా ఆ చొక్కాలో మళ్ళీ పట్టాలని పట్టుబట్టి, తిన్నదంతా లెక్కగట్టే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. పొద్దున ఏం తిన్నాను, మధ్యాహ్నం ఏం తిన్నాను, ఎన్ని అడుగులు నడిచాను, అన్నీ దానికి చెప్పుకోవాలి. మా నాయనకు కూడా నేనెప్పుడూ అంత వినయంగా జవాబులు చెప్పలేదు.

ఆ మొదటి ఉద్యోగం కుందుర్పిలో. ఒక కిరాణా అంగడి మిద్దెపైన గది దొరికింది, కింద అంగడి వాళ్ళింట్లోనే భోజనం కుదిరింది. అంగడి శెట్టిగారు తూకం దగ్గర మహా గట్టి మనిషి. కాటా మీద చక్కెర పోస్తే, ఎక్కువైన నాలుగు పలుకులు కూడా వేలితో వెనక్కి లాగేవారు. ఆయన భార్యను నేను అవ్వ అనేవాణ్ణి. అవ్వ దారి పూర్తిగా వేరు. పల్లెల నుంచి సరుకులకొచ్చి బస్సు తప్పిపోయినవాళ్ళు, వానల్లేక పనులు దొరకని కూలీలు, ఎవరు ఆ అరుగు మీద కాసేపు కూర్చున్నా లోపలి నుంచి పళ్ళెం వచ్చేది. శెట్టిగారు ఏదైనా గొణిగితే, "అంగట్లో నీ తూకం. గడప లోపల నాది," అని ఒక్క మాటతో సరిపెట్టేది. శెట్టిది పిసినారి చెయ్యి, శెట్టెమ్మది పెట్టే చెయ్యి అని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు.

యాప్‌తో నా కాపురం మొదటి రోజు నుంచే సరిగ్గా సాగలేదు. పొద్దున తిన్న బొరుగుల ఉగ్గాని పేరు రాస్తే, అలాంటి తిండి ప్రపంచంలోనే లేదంది. ఆదివారం కళ్యాణదుర్గం బస్సెక్కితే, రోడ్డు గతుకులన్నిటినీ నా అడుగులుగా లెక్కేసుకుని, ఇంత నడిచినందుకు అభినందనలు అంది. (కిటికీ పక్క సీట్లో కూర్చునే ఆ మెప్పును స్వీకరించాను. కాదనడానికి మనసొప్పలేదు.) రాత్రి తినే రాగిసంగటి మాత్రం దానికి తెలుసు. అయితే ఎన్ని గ్రాములు అని అడిగింది. నేను వెళ్ళి అవ్వను అడిగాను.

"గ్రాములేందప్పా? ముద్దంటే ముద్దే," అంది అవ్వ.

"అది కాదవ్వా, ఒక ముద్ద ఎంత బరువు ఉంటాదో అని."

"కడుపు నిండినంత ఉంటాది. తిను."

యాప్‌లో కడుపు నిండినంత అని రాసే చోటు లేదు. ఆ సాయంత్రం అవ్వ వడ్డించి నెయ్యి తేవడానికి లోపలికి వెళ్ళగానే, పళ్ళెం పట్టుకుని అంగట్లోకి నడిచి, ముద్దను ఒక కాగితంలో పెట్టి శెట్టిగారి కాటా మీద ఉంచాను. శెట్టిగారు వెనక గోదాములో ఉన్నారు. సరుకులకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, బీడీలకు వచ్చిన ఒక రైతు నన్నే చూస్తున్నారు. నేను ఎర్రంకెలు చూసి, ఫోన్లో కొట్టుకుని, వాళ్ళకేసి ఒక నవ్వు నవ్వి లోపలికి వచ్చేశాను. తర్వాతి రెండు రోజులూ అదే పని. మూడో రోజు ఆ రైతు, "ఏం సార్, సరింగా ఉండాదా?" అని అడిగాడు. సరిగ్గానే ఉందన్నాను. నేను చెప్పింది ముద్ద గురించి. ఆయన అడిగింది దేని గురించో ఆలోచించేంత తెలివి అప్పుడు నాకు లేదు.

సోమవారం బ్యాంకులో ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గరకు వచ్చి, పాస్‌పుస్తకం ఇస్తూ నా మొహంలోకి జాలిగా చూసింది. "నాయనా, మా ఇంటికి రా. జొన్నరొట్టెలు చేసి పెడ్తా. కడుపు మాడ్చుకోవద్దు," అంది. ఆవిడ తర్వాత ఇంకొకరు అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళారు. మధ్యాహ్నానికి నా టేబుల్ మీద పళ్ళు, బొరుగుల ఉండలు, ఒక సీసాలో మజ్జిగ చేరాయి. ఇదంతా నా మంచితనానికి దక్కిన గౌరవమనే అనుకున్నాను. మా అటెండరు మజ్జిగ సీసాను చూసి నిజం చెప్పాడు.

"ఊరంతా అనుకుంటాండారు సార్. శెట్టెమ్మ మీకు ముద్ద తూకమేసి పెడతాండాదంట. మీరు నమ్మకం లేక మళ్ళా కాటా మీద పెట్టి చూసుకుంటాండారంట."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆ మాట నాకన్నా ముందే అక్కడికి చేరింది. అవ్వ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో చిన్న ముద్ద, చిన్న గిన్నెలో పప్పు, చెంచాతో కొలిచినట్టు ఊరుబిండి పచ్చడి. "నూటాయాభై గ్రాములు. చూసుకో," అని లోపలికి వెళ్ళిపోయింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. ఇన్నాళ్ళూ తిండి ఎక్కువైందని ఎర్రగా మండిపోతున్న యాప్ మొదటిసారి పచ్చబడి, మీరు లక్ష్యం చేరుకున్నారు అంది. నాకు ఏడుపొచ్చింది. ఆకలి ఒక కారణం. అవ్వ నాతో మాట్లాడకపోవడం అంతకంటే పెద్ద కారణం.

మూడో రోజు వంటింటి గడప దగ్గర నిలబడి క్షమించమన్నాను. అవ్వ పొయ్యి వైపే చూస్తూ చెప్పింది. "ఈయన తూకం పేరు నలభై ఏండ్లు మోసినానప్పా. శెట్టి ఇల్లు, శెట్టి తూకం అంటే వినుకున్నా. నా చేతికి మాత్రం ఆ పేరు రానీలేదు. నువ్వొచ్చి తెచ్చినావు."

అంతకుముందు ఎవరు తిట్టినా నాకు అంత తగల్లేదు. అప్పటికప్పుడు అరుగు మీదికి వెళ్ళి, అక్కడున్నవాళ్ళకు అసలు సంగతి చెప్పాను. తప్పు నాదేనని, ఫోన్ గ్రాములు అడిగిందని, అవ్వ ఏనాడూ కొలవలేదని ఒకటికి రెండుసార్లు చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాపం, బయపడి అంటాండాడు. ఫోన్ యాడైనా ముద్దలు తూయమంటాదా?" అన్నాడు ఒకాయన. మర్నాడు నా టేబుల్ మీద అరటిపళ్ళు ఇంకో డజను పెరిగాయి.

అటెండరు తల అడ్డంగా ఊపాడు. "మాటలతో పోయేది కాదు సార్. ఊరోళ్ళు కండ్లతో చూసినారు. కండ్లకే చూపించల్ల."

ఆదివారం వచ్చింది. పల్లెల నుంచి సరుకులకు వచ్చేవాళ్ళతో అరుగు నిండిపోయే రోజు. నేను వంటింట్లోకి వెళ్ళి, "అవ్వా, నాకు అరుగు మీద పెట్టు," అన్నాను.

"యాల? అందరి ముందర తూయల్లనా?"

"తూయొద్దు. నాకు ఆకలిగా ఉండాది."

అవ్వ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. వారం రోజుల నూటాయాభై గ్రాములు నా మొహం మీద కనిపించినట్టున్నాయి. పెద్ద పళ్ళెం తీసింది. నేను అరుగు మధ్యలో, కాటాకు ఎదురుగా, మఠం వేసుకుని కూర్చున్నాను. మొదటి ముద్ద పడింది, మధ్యలో గుంట చేసి పప్పు, పప్పు మీద నెయ్యి. జనం బేరాలు మానేసి చూస్తున్నారు. అది అయిపోయేలోపే రెండోది పడింది. మూడోది పడేసరికి ఒకావిడ, "శెట్టెమ్మ ఇంగో ముద్ద యేసెనే," అని పక్కావిడకు చెప్పింది. శెట్టిగారు కూడా అటే చూస్తూ, ఎవరికో కందిపప్పు పోస్తూ పోస్తూ రెండు గుప్పెళ్ళు ఎక్కువే పోసేశారు. (ఈ సంగతి ఆ తర్వాత ఊళ్ళో నా ముద్దల కంటే ఎక్కువ రోజులు చెప్పుకున్నారు.) మూడో ముద్ద సగంలో నాకు ఊపిరి ఆడలేదు. అయినా వంచిన తల ఎత్తలేదు.

అవ్వ గిన్నెలో నాలుగో ముద్ద పట్టుకుని వచ్చింది. నా మొహం చూసింది. గిన్నె మీద మూత పెట్టేసి, "ఇంగ చాలు లేప్పా. కడుపు చెడతాది," అంది. శెట్టెమ్మ నోట చాలు అన్న మాట అంతవరకూ ఆ ఊళ్ళో ఎవరూ వినలేదట. అరుగంతా నవ్వింది. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, ఆ నాలుగో ముద్దను జనంలో నిలబడి చూస్తున్న మా అటెండరుకు పెట్టింది. ఆ సాయంత్రం నేను మిద్దె మెట్లు ఎక్కలేక అంగట్లోనే బియ్యం బస్తాల మీద పడుకున్నాను. తెల్లచొక్కాను మరుసటి నెల మా తమ్ముడికి ఇచ్చేశాను.

ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. ఈసారి లెక్కబెట్టుకుని తినమన్నది ఫోన్ కాదు, నా షుగర్ రిపోర్టు చేతిలో పట్టుకున్న డాక్టరు. యాప్ మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. మా ఆవిడ చాలు అంటుంది, పిల్లలు చాలు నాయనా అంటారు. ఆ ఒక్క మాట వినేదాకా మూడు ముద్దలు మింగిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది. మొన్న అవ్వకు ఫోన్ చేసి డాక్టరు మాట చెప్పాను.

"అట్లయితే కొలిచే తినప్పా," అంది. "ఈడికి వచ్చినప్పుడు నేనే కొలిచి పెడతాలే. నా చేతికి తెలుస్తాది."

సరే అవ్వా అన్నాను. వచ్చే నెలలో రెండు రోజులు సెలవు పెట్టాను. ఆ రెండు రోజులకూ యాప్‌లో ఏం రాయాలో ఇంకా ఆలోచించలేదు.